మేకుకు తగిలించని తాళంచెవి

శాలిబండలోని మా ఇంటి నుంచి బేగంబజార్ పక్కనున్న మా ఆఫీసుకు నడిస్తే యాభై నిమిషాలు. కారులో వెళితే, అన్నీ కలిసొచ్చిన రోజున, అదీ యాభై నిమిషాలే. కలిసిరాని రోజుల సంగతి అడక్కండి. ఈ మాట చెబితే ఆఫీసులో ఎవరూ నమ్మేవారు కాదు. "కారున్నోళ్లు గిట్లనే అంటరు మేడం" అని ఒకాయన ఎత్తిపొడిచాడు. నాకు ఒళ్లు మండింది. రేపు నువ్వే తోలుకొచ్చి చూడు, తాళం ఇస్తానన్నాను.

చార్మినార్ చుట్టూ బండ్లను పోనివ్వరు. అందుకని కారు హుసేనీ ఆలం మీదుగా పురానాపూల్ దాకా చుట్టు తిరిగి మూసీ దాటాలి. ముందు తోపుడు బండి, వెనక నీళ్ల ట్యాంకరు, రెండు పక్కలా అద్దాలను రాసుకుంటూ స్కూటర్లు. తలుపు తెరవడానికి జానెడు చోటుండదు. ఒకసారి వంతెన మీద అరగంట ఆగిపోయాను. బాత్రూముకు వెళ్లాల్సిన అవసరం పడింది. యాభై రెండేళ్ల మనిషిని, ఎవరికి చెప్పుకోను? పళ్లు బిగబట్టి ముందున్న లారీ మీది రాతలన్నీ నాలుగుసార్లు చదివాను. అంతా అయి బేగంబజార్ చేరితే అక్కడ బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు. ఎక్కడో దూరంగా పెట్టి, మూటలు మోసే హమాలీల మధ్య నుంచి పది నిమిషాలు నడవాలి. మొత్తానికి నడక తప్పదు.

కారుకు రావాల్సిన మంచిపేరు కారుకు ఇవ్వాలి. మా ఇల్లు రెండు గదులు. అందులో నేను ఒంటరిగా ఉండగలిగిన చోటు ఒక్కటీ లేదు. కారులో అద్దాలు ఎక్కించుకుంటే నన్ను ఎవరూ పిలవరు, ఏమీ అడగరు. మా ఆయన కళ్లు ఇక బాగుపడవని డాక్టరు చెప్పిన మర్నాడు నేను ఏడ్చింది ఆ కారులోనే. ఇంట్లో ఏడిస్తే ఆయనకు వినపడుతుంది.

నడకకు కూడా ఖర్చులున్నాయి. మోకాళ్లు నొప్పి. ఫుట్‌పాత్ అనేది పేరుకే ఉంటుంది, దాని మీద కూడా బండ్లే వస్తాయి. చీర అంచు రోజూ మురికి. వానపడితే మదీనా చౌరస్తా దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. అయినా నడుస్తుంటే నాకు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగే హక్కుండేది. పత్తర్‌గట్టీలో దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే లేస్తుంటే వాటి వెంట నడిచేదాన్ని. నయాపూల్ వంతెన మీద జామ్‌లో నిలబడ్డ బస్సుల పక్కనుంచి చేతులూపుకుంటూ దాటిపోతుంటే లోపల చెప్పలేనంత సంతోషం కలిగేది. బేగంబజార్ సందులో ఎండుమిరపకాయల ఘాటుకు తుమ్ములొచ్చేవి. ఆ తుమ్ములతోనే ఆఫీసులో అడుగుపెట్టేదాన్ని. మనసు తేలిగ్గా ఉండేది.

మరి రోజూ నడవొచ్చు కదా అంటారు. మా ఆయన ఉన్నాడు కదా.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్లు ఊరందరినీ తిప్పాడు. నౌకరీ చివర్లో, నా బస్సు సర్కారుది, నాదంటూ ఒక బండి ఉండాలని ముచ్చటపడి పాత కారు ఒకటి కొన్నాడు. దానికి వచ్చింది ఒకే తాళంచెవి. ఎనిమిది నెలలు తోలాడు. తర్వాత షుగరు ఆయన కళ్లను తినేసింది. వెలుగు, నీడ తెలుస్తాయి, అంతే. అప్పుడు పట్టుబట్టి నాకు డ్రైవింగ్ నేర్పాడు. పక్క సీట్లో కూర్చుని, ఏమీ కనపడకపోయినా, క్లచ్ మీద కాలు తియ్యమని అరిచేవాడు.

కారు రోజూ బయటికి వెళ్లాలి. అది ఆయన పంతం. పొద్దున్నే కిటికీ పక్కన చెక్క తఖ్తు మీద కూర్చుని స్టార్ట్ చేసిన చప్పుడు వింటాడు. సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే మొదలుపెడతాడు.

"ఎట్లొచ్చినవ్? పురానాపూల్ కాడ జామ్ ఉండెనా?"

"మస్తుండె."

"సెకండ్ గేర్ల తోలినవా, ఫస్ట్‌లనే ఈడ్చినవా?"

రోజంతా ఆఫీసులో పైఅధికారికి జవాబులు చెప్పి, ఇంటికొచ్చి గేర్లకు జవాబు చెప్పాలి. నాకు కారు వద్దు, నడుస్తానని అనడం రాలేదు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆ తఖ్తు మీద చెవి ఒగ్గి కూర్చున్న మనిషిని చూస్తే మాట లోపలికి పోయేది. కారు ఆయనకు మిగిలిన ఒక్క గొప్ప. దాన్ని మూలకు పెడితే ఆయన్ని మూలకు పెట్టినట్టే అనుకున్నాను. అలా ఆయన ముచ్చటలో నేను ఇరుక్కుపోయాను.

ఆ వానాకాలంలో ఒక దొంగపని మొదలుపెట్టాను. పొద్దున కారు స్టార్ట్ చేసి, ఆయనకు వినపడేలా రెండుసార్లు హారన్ కొట్టి, గల్లీ మొగదాకా తోలేదాన్ని. అక్కడ ఎప్పుడో మూతపడ్డ టైలర్ దుకాణం ముందు గోడకు ఆనించి పెట్టి, నడుచుకుంటూ ఆఫీసుకు వెళ్లిపోయేదాన్ని. సాయంత్రం నడిచొచ్చి, మళ్లీ స్టార్ట్ చేసి, ఇంటి ముందుకు తెచ్చేదాన్ని. ఆ తర్వాత జామ్ కథ ఒకటి అల్లి చెప్పేదాన్ని. వంతెన మీద లారీ ఆగిపోయిందని ఒకరోజు, ఎడ్లబండి అడ్డమొచ్చిందని ఇంకోరోజు. ఆయన శ్రద్ధగా వినేవాడు. అబద్ధం చెప్పడంలో నాకింత చెయ్యి తిరుగుతుందని అంతవరకు తెలియదు.

మా గల్లీలో ఒక పద్ధతి ఉంది. గల్లీ ఇరుకు, ఒక బండి కదలాలంటే ఇంకొకటి జరగాలి. అందుకని గల్లీ మధ్యలో ఇస్త్రీ చేసే భాయ్ చెక్క డబ్బాకు వరసగా మేకులు కొట్టి ఉంటాయి. ఎవరైనా బండి దారిలో పెడితే తాళం ఆ మేకుకు తగిలించి వెళ్లాలి. అవసరమైతే భాయ్ జరుపుతాడు, లేకపోతే ఇంకెవరైనా జరుపుతారు. ఎవరికీ ఎవరి మీదా అనుమానం ఉండదు. గల్లీలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నీళ్లొచ్చే వేళతోపాటు ముందు చెప్పేది ఈ సంగతే.

నేను తగిలించలేదు. ఎందుకంటే మా ఆయన రోజూ మధ్యాహ్నం కర్ర పట్టుకుని వెళ్లి ఆ డబ్బా దగ్గరే కబుర్లకు కూర్చుంటాడు. తాళం మేకుకు కనపడితే భాయ్ ఏదో ఒకరోజు నోరు జారతాడు. టైలర్ దుకాణం గల్లీ మలుపుకు అవతల ఉంది, డబ్బా దగ్గరి నుంచి కనపడదు. ఆటో పట్టే చోటు వదిలే పెడుతున్నాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, తాళం సంచిలో వేసుకుని వెళ్లేదాన్ని. నెలన్నర ఏమీ కాలేదు.

ఒక గురువారం ఆఫీసులో ఉండగా భాయ్ ఫోన్ చేశాడు. "మేడం, గాడీ కీ చాబీ కిధర్ హై? మేకుకు లేదు. ఎదురింటోళ్లు ఇసుక దింపిన్రు, ఆటో ఎల్తలేదు. పెద్దమ్మకు దవఖాన టైమ్ అయితుంది."

పెద్దమ్మ మా పక్కింటి ఆవిడ. వారానికి మూడు రోజులు కొడుకు ఆటోలో వెళ్లి డయాలసిస్ చేయించుకుంటుంది. నేను పెట్టిన కారుకు ఎదురుగా ఇసుక కుప్ప పోశారు. లోపల ఆటో చిక్కుకుపోయింది. కారును నెట్టడానికి కూడా లేదు. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో పెట్టి, తాళం వేసి దిగడం మా ఆయన నేర్పిన అలవాటే.

ఎవరికీ చెప్పకుండా ఆఫీసు నుంచి బయటపడి ఆటో ఎక్కాను. నయాపూల్ మీద అది ఆగింది. ముందు బస్సు, వెనక బస్సు. నా చేతిలో తాళంచెవి చెమటకు తడిసిపోయింది. పెద్దమ్మకు ఏమైనా అయితే అన్న ఆలోచన తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. ఐదు నిమిషాలు చూసి, దిగి పరుగెత్తాను. యాభై రెండేళ్ల మనిషి చీర కుచ్చిళ్లు పట్టుకుని పత్తర్‌గట్టీలో పరుగెత్తుతుంటే జనం తప్పుకుని దారిచ్చారు. చార్మినార్ దాటాక డొక్కలో పోటు వచ్చింది. ఒక గాజుల బండి పట్టుకుని ఊపిరి తీసుకుని మళ్లీ పరుగెత్తాను.

నేను చేరేసరికి గల్లీలో ఆటో అలాగే ఉంది. పెద్దమ్మ లేదు. నలుగురు కలిసి ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పెద్దరోడ్డు దాకా మోసుకుపోయి, వేరే ఆటో ఎక్కించారట. కారు పక్కన మా ఆయన నిలబడి ఉన్నాడు. కర్ర గోడకు ఆనించి, అరచెయ్యి బానెట్ మీద పెట్టి ఉన్నాడు.

భాయ్ నన్ను పక్కకు పిలిచాడు. "చాబీ మేకుకు పెట్టొద్దని నేనే చెప్పిన అని సార్ అన్నడు మేడం. అందరి ముంగట మాటలు పడ్డడు" అన్నాడు మెల్లగా.

కారు తీసి ఇంటి ముందు పెట్టాను. ఆయన లోపలికొచ్చి తఖ్తు మీద కూర్చున్నాడు.

"ఎప్పుడు తెల్సింది మీకు?" అన్నాను.

"రెండో దినమే. పురానాపూల్ దాక పోయొచ్చిన ఇంజన్ సప్పుడు వేరె ఉంటది. సల్లటి ఇంజన్ సప్పుడు వేరె. ముప్పై ఏండ్లు ఇన్నోన్ని నేను."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తే మళ్ల రేపటి సంది కారుల పోతవు. నడిచొచ్చిన దినం నీ గొంతు మంచిగుంటుండె."

నాకు కోపం వచ్చింది. ఇంత తెలిసిన మనిషి నెలన్నర నాతో నాటకం ఆడించాడు కదా అనిపించింది. "మరి రోజు జామ్ ఉండెనా, గేర్ ఏసినవా అని ఎందుకడిగిండ్రు? నేను అబద్దాలు చెప్తుంటే నవ్వుకుంటానికా?" అని గట్టిగానే అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"నేనేడికి పోత?" అన్నాడు. "నువ్వు చెప్తుంటే నేను గూడ పురానాపూల్ దాక పోయొస్తుంటి."

నేను వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను. నన్నొక్కదాన్నే బంధించాడని ఇన్నాళ్లూ లోపల లోపల ఆయన్ని తిట్టుకున్నాను. నేను ఇరుక్కుంది రోజుకు రెండు గంటలు. ఆయనకు ఆ తఖ్తు తప్ప ఇంకో చోటు లేదు.

పెద్దమ్మ ఆరోజు తన వంతు దాటిపోయి సాయంత్రం దాకా దవఖానా బెంచీ మీద ఎదురుచూసింది. ఇంటికొచ్చేసరికి ముఖం పీక్కుపోయి ఉంది. వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాను. "నలుగురు మోస్తుంటే అప్పుడే అయిపోయిందేమో అనుకున్న బిడ్డా" అని నవ్వింది. ఆమె కొడుకు మాత్రం నవ్వలేదు. "అక్కా, ఇంకోపారి గట్ల చెయ్యకు" అన్నాడు. ఆ మాట నాకు పడాల్సిందే.

ఇప్పుడు తాళంచెవి మేకుకే ఉంటుంది. నేను రోజూ నడుస్తాను, అందరికీ తెలిసే నడుస్తాను. సాయంత్రం ఆయన జామ్ గురించి అడగడు, నేనూ చెప్పను. ఆ మౌనం భరించలేక రెండో శనివారం ఆఫీసు లేనప్పుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కారు తీస్తున్నాను. మాకు ఎక్కడా పని ఉండదు. నేరుగా పురానాపూల్ వెళ్లి జామ్‌లో ఇరుక్కుంటాం. ముందు లారీ, వెనక ట్యాంకరు, తలుపు తెరవడానికి వీల్లేదు. నాకు ఎప్పటిలాగే ఊపిరాడదు. ఆయన అద్దం దించుకుని తల బయటికి పెట్టి, వెనకున్నది డీజిల్ బండి, దాని ఇంజను సరిగ్గా లేదని చెబుతుంటాడు.

మొన్న నేను విసుగ్గా హారన్ కొట్టాను.

"కొట్టకు" అన్నాడు. "ఏడికి పోవాల్నని తొందర?"

చెయ్యి తీసేశాను. ఆయన ఎడమకాలు తన ముందున్న మ్యాట్ మీద లేని క్లచ్చును మెల్లగా తొక్కుతూ ఉంది.