పంకజాక్షమ్మ గుమ్మానికి ఆరు చప్పుళ్ళు

పంకజాక్షమ్మది ఒక్కటే పట్టుదల. ఏ ఋతువైనా సరే, తన గుమ్మానికి ఏదో ఒకటి కట్టిన తరువాతే ఊళ్ళో అడుగుపెట్టాలి. పంచాంగంలో ఋతువు మారడానికి వారం ముందే కత్తెర, సూది, దారం, పాత చీరల అంచులు ముందేసుకుని ఆమె నేలమీద చతికిలబడేది. ఆరు ఋతువులకూ ఆరు అలంకారాలు. వాటిలో కొన్న వస్తువు ఒక్కటీ ఉండదు. అన్నీ చేతితో చేసినవే, అవీ ఇతరులు పారేయబోయిన సామగ్రితో చేసినవే.

ఇందులో చిక్కంతా తిరుపతి వాతావరణంతో వచ్చింది. ఆ ఊరికి తెలిసినవి ఎండలు, ముదిరిన ఎండలు, వాటి మధ్య దారి తప్పి వచ్చే ఒక తుఫాను. అందుచేత "హేమంతం వచ్చేసింది సార్" అని ఆమె ప్రకటించే రోజున ఎదురింటి శఠగోపం గారు ఉత్తరీయంతో మెడ తుడుచుకుంటూ ఉండేవారు.

"ఎక్కడ వచ్చిందమ్మా? సాక్ష్యం ఏమన్నా ఉండాదా?"

"గుమ్మానికి కట్టినాను కదా సార్, సూడండి."

"అది సాక్ష్యం కాదు. ప్రకటన."

"ఏదో ఒకటి. పాపం, అంత దూరం నుంచి వచ్చుండాది. వాకిట్లో నిలబెట్టేది మర్యాదా సార్?"

శఠగోపం గారు చిత్తూరు కోర్టులో షిరస్తదారుగా, అంటే పెద్ద గుమాస్తాగా, పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. తిరుచానూరు రోడ్డులో వారిద్దరూ ఉంటున్న అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షులు. ఋజువు కానిదే కాఫీలో చక్కెర ఉందని కూడా ఒప్పుకోరు. అయితే ఋజువైన తరువాత, అది తనకు వ్యతిరేకంగా ఉన్నా, తోసిపుచ్చరు. ఆయనలో జనం గౌరవించేది ఈ రెండో గుణాన్ని. భరించేది మొదటిదాన్ని.

పంకజాక్షమ్మ నగరి మగ్గాల మధ్య పుట్టి పెరిగింది. తిరుపతి బడిలో పిల్లలకు చేతిపనులు నేర్పి విరమించింది. విరమణ పొందింది ఉద్యోగం నుంచే కాని పని నుంచి కాదు. నగరి బస్సులో ఆమె తమ్ముడు పంపే తెగిన నూలు పోగులు శరదృతువులో తెల్లమబ్బులుగా మారి గుమ్మం మీద తేలేవి. వసంతానికి తాటాకు చిలకలు. గ్రీష్మానికి వట్టివేరు తెర. ఆ తెర మీద ఆమె గంటకొకసారి నీళ్ళు చల్లేది. తెర ముందు ఎవరు నిలబడి ఉన్నారన్న సంగతి చల్లిన తరువాతే చూసుకునేది. ఒకసారి పార్సిలు తెచ్చిన కుర్రవాడు ముఖం తుడుచుకుని, "పన్నీరు బాగుండాదమ్మా, చందనం యాడ?" అని అడిగాడు. ఆమె నిజంగానే లోపలికి వెళ్ళి చందనం తెచ్చి పెట్టి పంపింది.

అలంకారాల కోసం ఆమె ఇల్లిల్లూ తిరిగేది. "ఏమ్మా, చింతగింజలు పారేస్తివా? పారేయబాక. నాకియ్యి." ఆ పూట ఇచ్చేందుకు ఎవరి దగ్గరా ఏమీ లేకపోతే రెండు రోజులాగి మళ్ళీ వచ్చేది. చివరికి చెత్త బండి తోలే ఆమె మెట్ల దగ్గర నిలబడి, "ఏందమ్మా ఇది, మీ అపార్టుమెంటులో చెత్తే ఉండదు! అందరూ పస్తులా?" అని వాపోయింది.

శఠగోపం గారి గుమ్మం దగ్గర మాత్రం పంకజాక్షమ్మకు ఎప్పుడూ ఒకటే తీర్పు.

"సార్, కొబ్బరి చిప్పలు ఉంటే..."

"మా ఇంటి చిప్పలు మా ఇంటి ఆస్తి. ఇచ్చేది లేదు."

ఆయనకు ఒక రహస్యం ఉండేది. కొంతకాలంగా రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, లోకమంతా గంజి పెట్టి ఆరేసిన ధోవతిలా తెల్లగా కనబడసాగింది. ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పాడు. శఠగోపం గారు సాక్షులను అడ్డప్రశ్నలతో గుచ్చే వకీళ్ళను ఎందరినో చూశారు కాని, కంటిని గుచ్చే మనిషిని ఊహించుకోలేకపోయారు. అందుచేత విచారణను వాయిదా వేశారు. భార్య కల్యాణవల్లికి సైతం ఈ సంగతి తెలియదని ఆయన దృఢ విశ్వాసం. ప్రతి ఉదయం గంటసేపు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, తరువాత టీవీలో విన్న వార్తలు ఆమెకు చదివినట్టే చెప్పేవారు.

ఒక వేసవి మధ్యాహ్నం ఆయన లిఫ్టు దిగి, కుడికి తిరగవలసినవారు ఎడమకు తిరిగి, పంకజాక్షమ్మ తాళంలో తన తాళంచెవి దూర్చి తిప్పసాగారు. తలుపు లోపలి నుంచి తెరుచుకుంది.

"మా ఇంట్లో మీరేం చేస్తా ఉండారు?" అని గద్దించారు.

"మీ ఇల్లు ఎదురుగ్గా ఉండాది సార్."

శఠగోపం గారు ఒక్క క్షణమే తడబడ్డారు. "తెలుసు. అధ్యక్షుడిగా తాళాలు పరీక్షిస్తా ఉండాను. మీది గట్టిగానే ఉండాది."

పంకజాక్షమ్మ ఆయన చేతిలోని తాళంచెవిని చూసింది. తరువాత ఆయన కళ్ళలోకి చూసింది. "చాలా సంతోషం సార్. ఎండన పడి వచ్చినారు, మజ్జిగ తాగి పోండి" అని మాత్రం అంది.

అంతవరకు ఆమె అలంకారాలు కంటికి సంబంధించినవి. ఆ మజ్జిగ తరువాత వచ్చిన వర్షఋతువు నుంచి అవి నోరు చేసుకోసాగాయి. ముందు కొబ్బరి చిప్పలు ఒకదానికొకటి తగిలి టకటకలాడాయి. శరత్తులో నూలుమబ్బుల కింద, నూలు చుట్టే ఖాళీ కండెలు వేలాడి కటకటమన్నాయి. హేమంతంలో ఎండిన దిరిసెన కాయల గలగల, శిశిరంలో రాలిన రావి ఆకుల గరగర. వసంతంలో తాటాకు చిలకలకు తోకలు మొలిచి బరబరమన్నాయి. గ్రీష్మం వచ్చేసరికి వట్టివేరు తెర పక్కన ఎండు సొరబుర్రలు, వాటి కడుపుల్లో చింతగింజలు. గాలి లేకపోతే ఊరుకుంటాయేమోనని, ఆ బుర్రల నుంచి మూడో అంతస్తు లిఫ్టు గేటు దాకా ఒక దారం కూడా కట్టింది. గేటు జరిపితే చాలు, గుమ్మం గోలపెట్టేది.

శఠగోపం గారి మధ్యాహ్నపు కునుకు గంగపాలైంది.

"అమ్మా, మీ గ్రీష్మం నన్ను పండుకోనియ్యడం లేదు."

"గ్రీష్మం ఎవురిని పండుకోనిచ్చింది సార్?"

ఆయన సంఘం సమావేశం పిలిచారు. మిద్దె మీద కుర్చీలు వేశారు. తీర్మానం ఆయనే స్వయంగా చెప్పి రాయించారు: "ఉమ్మడి వరండాలో చప్పుడు చేసే ఋతువులను ఇందుమూలముగా నిషేధించడమైనది." అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కింది ఇంటి హేమశ్రీ గొంతు సవరించుకుని, "ఉండనీండి సార్, అది మంచికే కదా..." అని ఆగిపోయింది.

"మంచికే అనేదానికి సాక్ష్యం?"

హేమశ్రీ పంకజాక్షమ్మ వైపు చూసింది. పంకజాక్షమ్మ వద్దన్నట్టు తల ఊపింది. ఆ తల ఊపడం శఠగోపం గారికి తప్ప అందరికీ కనబడింది.

"ప్రతివాది ఏమన్నా చెప్పుకునేది ఉండాదా?" అని ఆయన అడిగారు.

"ఏం లేదు సార్. పొద్దున్నే తీసేస్తాను. రేపట్నుంచి మీరు మాత్రం రవ్వంత జాగ్రత్తగా ఉండండి."

"ఇది బెదిరింపు! మినిట్స్‌లో రాయండి."

మరునాడు మధ్యాహ్నం శఠగోపం గారు గెలిచిన మనిషిలా నిద్రపోయారు. సాయంత్రం తిరుచానూరు అమ్మవారి దర్శనం చేసుకుని, ఆ ప్రశాంతతతోనే లిఫ్టు ఎక్కారు. ఆ లిఫ్టుకు ఒక దుర్గుణం ఉంది. ఎక్కినవాడు ఏ మీట నొక్కినా, మధ్యలో ఎవరు పిలిచినా, పిలిచినవాళ్ళు విసుగెత్తి మెట్లదారి పట్టినా, అక్కడ ఆగేది. ఆగింది. అంకె కనబడలేదు. గేటు జరిపి, అలవాటు కొద్దీ చెవి పెట్టారు. చప్పుడు లేదు. చప్పుడు లేదు కనుక ఇది తన తీర్మానం అమలైన మూడో అంతస్తే అని నిర్ధారించుకుని, కుడికి తిరిగి, తెరిచి ఉన్న తలుపులో నుంచి లోపలికి వెళ్ళారు.

గోడ మీద మసకగా కనబడిన పటానికి రెండు చేతులూ జోడించారు. కుర్చీలో వాలారు. "కల్యాణీ, మజ్జిగ!" అన్నారు. కొంచెం ఆలస్యంగానైనా గ్లాసు చేతికి వచ్చింది.

ఒక గుక్క తాగి, "ఈరోజు పచ్చిమిరపకాయ దంచి వేసినావు. పెళ్ళైన ఇన్నాళ్ళకు నీకు చెయ్యి కుదిరింది" అని మెచ్చుకున్నారు.

"దండాలు సార్," అన్నది ఒక మగ గొంతు.

శఠగోపం గారు నిటారుగా కూర్చున్నారు. "ప్రేమానందం! మా ఇంట్లో నువ్వేం చేస్తా ఉండావు?"

"ఇది మా ఇల్లు సార్. రెండో అంతస్తు. మజ్జిగ ఇచ్చింది మా మునిరత్నమ్మ."

"ఆ పటం..."

"చర్చి క్యాలెండరు సార్. ఏం పర్వాలేదు, మీరు పెట్టిన దండం ఆయనకీ ముట్టుంటాది."

శఠగోపం గారు ఉత్తరీయం సర్దుకున్నారు. తేరుకున్నారు. "మీ ఇల్లని తెలుసు. విచారణకు వచ్చినాను. పైన చప్పుడు ఆగినాక మీకు సుఖంగా ఉండాదా?"

మునిరత్నమ్మ కొంగు చివర పట్టుకుని నిలబడింది. "సుఖం యాడుంది సార్? రోజూ ఈ టయానికి పైన ఆ గలగల ఇనపడతానే, సార్ ఇల్లు చేరినాడు అని మేము నిమ్మళంగా మా పని చూసుకునేవాళ్ళం. ఈరోజు ఇనపడలా. ఏంది, సార్ ఇంకా రాలేదే అని గాబరా పడతా ఉంటే, మీరే వచ్చి కూర్చున్నారు."

"నా రాకకూ ఆ చప్పుడుకూ సంబంధం ఏమి?"

భార్యాభర్తలు నేల చూపులు చూశారు. ప్రేమానందమే చెప్పాడు. "మీకు దోవ తెలిసేదానికే కదా సార్ కట్టింది. ఆయమ్మ ఇంటింటికీ వచ్చి చెప్పింది, చప్పుడైతే ఓర్చుకోండప్పా, సార్‌కి మాత్రం చెప్పబాకండి, మనసు కష్టపెట్టుకుంటాడు అని."

శఠగోపం గారు మిగిలిన మజ్జిగ నెమ్మదిగా తాగుతూ సాక్ష్యాలను వరుసలో పేర్చుకున్నారు. తాళంచెవి సంఘటన ముందు, చప్పుడు తరువాత. దారం కట్టింది లిఫ్టు గేటుకు, అదీ మూడో అంతస్తు గేటుకే. జాగ్రత్తగా ఉండమన్నది బెదిరింపు కాదు. నేరం ఋజువైంది, నేరస్థుడు మాత్రం మారిపోయాడు.

ఇంటికి వెళ్ళి భార్యను నిలదీశారు. "నీకు తెలుసా?"

"తెలియకుండా ఎట్లుంటుందండీ? నిరుడు మన చిప్పలన్నీ నేనే ఇచ్చినాను."

"అది మన ఆస్తి!"

"మొన్న మీరు గంటసేపు చదివి, దేశం పాడైపోయింది అన్నారే, అది పేపరు కాదు. పై ఇంటి ప్రసన్నకుమారి కూతురి పెళ్ళి పత్రిక." కల్యాణవల్లి ఇంకో మాట చేర్చింది. "అదుండనీండి, మునిరత్నమ్మ మజ్జిగ అంత బాగుండాదా?"

ఆ వార్త ఆయన కంటే ముందే మెట్లెక్కింది.

మరునాడు మళ్ళీ మిద్దె మీద కుర్చీలు వేశారు. కొత్త సాక్ష్యం లభించినందున పాత తీర్మానాన్ని రద్దు చేస్తున్నట్టు అధ్యక్షులు ప్రకటించారు. ఆ సాక్ష్యం ఏమిటని ఎవరూ అడగలేదు. ఆయన పంకజాక్షమ్మ వైపు, అంటే ఆమె ఉన్నదనుకున్న వైపు తిరిగారు. "అమ్మా, మీ సొరబుర్రలు మళ్ళీ కట్టుకోవచ్చు."

"నేను ఈపక్క ఉండాను సార్. కట్టేది లేదు."

"ఏం?"

"ముందు మీరు కన్ను ఆపరేషను చేయించుకుంటానని ఒప్పుకోండి. అప్పుడు కడతాను. లేకుంటే రోజుకొక ఇంట్లో మజ్జిగ తాగతా తిరగండి."

"ఇది బెదిరింపు!"

"అవును సార్. మినిట్స్‌లో రాయించండి."

రాయించారు. ఒప్పుకున్నారు కూడా. మొదటి కన్ను అయిపోయిన తరువాత డాక్టరును, "ఇంతేనా?" అని కొంచెం నిరాశగానే అడిగారట.

రెండో కన్నూ బాగై, నల్ల కళ్ళద్దాలు తీసేసిన రోజున శఠగోపం గారు లిఫ్టు గేటు జరిపారు. గుమ్మం గలగలలాడింది. గోడ మీద మూడు అంకె ఇంత లావున కనబడింది. దాని పక్కనే, చప్పుడు మొదలైనప్పటి నుంచి మొదటిసారిగా, పంకజాక్షమ్మ అలంకారం కూడా స్పష్టంగా కనబడింది. వంకాయ రంగు సొరబుర్రలు. వాటి మెడలకు చిలకాకుపచ్చ నూలు. దాని మీద ముదురు గులాబీ కుచ్చులు. ఆయన చాలాసేపు చూశారు.

"అమ్మా, న్యాయంగా ఒక మాట చెప్పాల. ఇది చాలా అందవికారంగా ఉండాది."

పంకజాక్షమ్మ తలుపు పట్టుకుని ఒకటే నవ్వు. "చెవికి చేసింది సార్ అది! కంటికి బాగుండక్కర్లేదులే అని చేతికి దొరికిన రంగు పూసేసినాను. ఇంక మీకు చప్పుడుతో పన్లేదు కదా. తీసేసి కాగితం పూలు కడతాను."

అన్నట్టే తీసేసింది. కాగితం పూలు కంటికి నిజంగా అందంగా ఉన్నాయి. మధ్యాహ్నం శఠగోపం గారు పడుకున్నారు. అటు తిరిగారు, ఇటు తిరిగారు. లేచి నీళ్ళు తాగారు. గేటు జరిగినా గుమ్మం పలకలేదు. అంత నిశ్శబ్దంలో మనిషన్నవాడు ఎలా నిద్రపోతాడో ఆయనకు బోధపడలేదు.

కొన్నాళ్ళకు ఎవరో పంకజాక్షమ్మ ఇంటి తలుపు తట్టారు. తెరిచి చూస్తే శఠగోపం గారు, చేతిలో ఒక గుడ్డ సంచి. అందులో కొబ్బరి చిప్పలు. గీసి నునుపు చేసే ప్రయత్నం ఎవరో కొత్తవారు చేసినట్టు కొబ్బరి ఇంకా అక్కడక్కడా అంటుకునే ఉంది. ఆయన బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"వర్షఋతువు వచ్చిందమ్మా," అన్నారు ఆయన గంభీరంగా.

పంకజాక్షమ్మ వరండా అంచు దాకా వెళ్ళి, బయట భగభగలాడుతున్న ఎండను, మబ్బుతునక లేని ఆకాశాన్ని తేరిపార చూసి వచ్చింది. "యాడ వచ్చింది సార్? సాక్ష్యం ఏమన్నా ఉండాదా?"

శఠగోపం గారు సంచి ఎత్తి, ఆమె చెవి దగ్గర పెట్టి, టకటకా ఆడించారు.