ఎర్ర పెన్నూ, జాజు ముక్కా

నంద్యాలలో బ్యాంకు పరీక్షల పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం నా పని. మా ఇంట్లో అందరూ కిరాణా కొట్టులో కూర్చుంటే, "దీని నోటికి వచ్చే గిరాకీ కూడా పోతాది" అని నన్నొక్కదాన్నే చదువుకు తోలారు. అదే నోటికి ఇప్పుడు నెలనెలా జీతం ఇస్తున్నారు.

రోజూ ఒక ఇంగ్లీషు మాట బోర్డు మీద రాసి, దాని సాటి మాటలూ, వాడే తీరూ చెబుతాను. ఆ రోజు మాట ట్రాష్. పారేసే చెత్త అని ఒక అర్థం, ఒకరి పనిని చీల్చి చెండాడటం అని ఇంకో అర్థం. మొదటిదాని కింద రబ్బిష్, గార్బేజ్, వేస్ట్ అని రాశాను. రెండోదాని కింద క్రిటిసైజ్, కండెమ్ అని రాసి ఏది మెత్తన, ఏది కరుకు అని విడమరిచి చెబుతున్నాను. "వాక్యంలో వాడి చూపండి మేడం" అన్నారు వెనక బెంచీ వాళ్లు.

బల్ల మీద పిల్లలు రాసిన వ్యాసాల కట్ట ఉంది. పైనున్నది తీసి మొదటి పేరా గట్టిగా చదివాను. అన్నీ గైడులోంచి ఎత్తిన పెద్ద పెద్ద మాటలు. "దిస్ ఎస్సే ఈజ్ ట్రాష్" అన్నాను. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ఎర్ర పెన్నుతో ఆ మాటనే ఈ మూల నుంచి ఆ మూలకు పేజీకి అడ్డంగా రాసి ఎత్తి చూపించాను. క్లాసంతా నవ్వింది. ఉదాహరణ భలే కుదిరిందని నేనూ మురిసిపోయాను.

మర్నాటి నుంచి ఆ వ్యాసం రాసిన అమ్మాయి రాలేదు. ఆళ్లగడ్డ పిల్ల. వాళ్ల నాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. నాలుగో రోజు ఆమె గదిలో ఉండే అమ్మాయిని అడిగాను.

"ఊరికి పోయింది మేడం. ఇంగ రానంటాంది. పరీక్ష కూడా రాయదంట."

మూడుసార్లు రాసి, ఈసారే మొదటి పరీక్ష గండం గట్టెక్కిన పిల్ల. రెండో పరీక్షకు మూడు వారాలే ఉంది.

ఇంటికి పోయి ఆ వ్యాసం చివరిదాకా చదివాను. ముందే చేయాల్సిన పని అది. మొదటి పేజీ దాటగానే గైడు మాటలు ఆగిపోయాయి. వాళ్ల ఇంటి ముందరి పనిచోటు గురించి సొంత ఇంగ్లీషులో రాసింది. పెద్ద విగ్రహం నుంచి ఊడిన పెళ్లతో చిన్న వినాయకుణ్ని చేస్తారట. ఆ వినాయకుడి నుంచి రాలిన చిప్పలు గోడల పునాదుల్లోకి పోతాయట. మిగిలిన పొడిని వానాకాలం వాకిట్లో బురద మీద చల్లుతారట. ఇన్నేళ్లలో నేను దిద్దిన కట్టల్లో అలాంటి పేజీ ఒక్కటి లేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగాను. రేకుల పందిరి కింద ఆమె నాయన పనిలో ఉన్నాడు. రాతి పొడికి కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి. నేనెవరో చెప్పగానే స్టూలు తుడిచి వేశాడు.

"పాప లోపలుంది. వస్తాది, రోంతసేపు కుచ్చోండమ్మా."

పక్కనే ఆయన తమ్ముడు చెక్కిన అమ్మవారి విగ్రహం పూర్తి కావచ్చింది. అమ్మాయి నాయన దాని మీద చెంబెడు నీళ్లు పోశాడు. బూడిద రంగు రాయి నల్లగా తేలి, ఉలి దెబ్బలన్నీ బయటపడ్డాయి. చుట్టూ తిరిగి, అరచేత్తో మెల్లగా తడిమి చూశాడు. తర్వాత ఎర్రమట్టి గడ్డ లాంటి జాజు ముక్క తీసి మూడు చోట్ల చిన్న గీతలు పెట్టాడు. ముక్కు పక్కన ఒకటి, వేలి కొసన ఒకటి, చీర అంచు దగ్గర ఒకటి. తమ్ముడు ఉలి అందుకుని కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

నా నోరు ఊరుకోదు కదా. "బాగుందో లేదో చెప్పరా?" అన్నాను.

"చెప్పేదేముందమ్మా? యాడ తీయల్లో ఆడ గీస్తాం. గీయని కాడ బాగున్నట్టే. బొమ్మకంతా అడ్డంగా గీస్తే వాడు ఉలి యాడ పెట్టల్ల?"

నన్ను దెప్పాలని అన్నాడో, ఉన్న మాట అన్నాడో నాకు తెలియదు. ఆయన ముఖంలో అయితే కోపం లేదు. ఒకరి పనిని చెత్త అనడానికి నాకు ఎన్ని మాటలు తెలుసు! ఆ మనిషికి ఒక్కటీ అవసరం పడలేదు. ఆయన ముందు నా చదువు చాలా చిన్నగా కనిపించింది.

అమ్మాయి గడప దాటి వచ్చి, నేల చూస్తూ నిలబడింది.

"తప్పు నాది పాపా. ఒక్క పేరా చూసి అంతా చదివినట్టు రాశాను" అన్నాను.

సంచిలోంచి వ్యాసం తీశాను. ఎర్ర పెన్ను తీయబుద్ధి కాలేదు. వాళ్ల నాయన దగ్గర జాజు ముక్క అడిగి తీసుకుని, రెండో పేజీ నుంచి మూడు చోట్ల మాత్రం గీసి ఇచ్చాను. నిదానంగా చదువుకుంది.

"రెండూ సరే మేడం. మూడోది తీయను."

వాళ్ల నాయనకు ఆకలైందని వాళ్లమ్మ సుత్తి చప్పుడును బట్టే కనిపెడుతుందనే వాక్యం అది. విషయానికి అడ్డమని గీశాను.

"అది తీస్తే దాంట్లో మా ఇల్లే ఉండదు" అంది.

ఆమె మాటే నిజం. వేలు తడిచేసి తుడిచాను. జాజు గీత చెరిగిపోయింది.

"మొదటి పేజీ మళ్లా రాస్తా" అంటూ, నేను అడ్డంగా రాసిన కాగితాన్ని చించబోయింది.

"చించాకు పాపా" అన్నాడు వాళ్ల నాయన. "ఎనక తట్టు తెల్లగుంది గదా. కొలతలేసుకుంటా."

దాన్ని బోర్లా పరిచి, ఎగిరిపోకుండా ఒక రాతి చిప్ప పెట్టాడు. నా ఎర్ర అక్షరాలు వెనక నుంచి లీలగా కనిపిస్తూనే ఉన్నాయి. ఆయన పెన్సిలు తీసుకుని వాటి మీదనే అమ్మవారి పాదం గీయడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం నంద్యాల బస్సులో అమ్మాయి నా పక్క సీట్లో కూర్చుంది. ఆ కుదుపుల్లోనే మొదటి పేజీ కొత్తగా రాసింది. దారి పొడుగునా గైడు తెరవలేదు, నన్ను ఒక్క ఇంగ్లీషు మాటా అడగలేదు.