నడుమ తెల్లగున్న ఐదురూపాయల నోటు

దఫ్తర్ల ఎవడన్న "నీ కాయిదం చెల్లదు, పో" అన్నప్పుడల్లా నాకు ఆమెనే యాదికొస్తది.

డెబ్బైలల్ల మాట. మానుకోట నుంచి మరిపెడ పోయే బస్సుల నా పక్కన ఒకామె కూసున్నది. టికెట్‌కు ఆమె ఇచ్చిన ఐదురూపాయల నోటు నడుమ వేలెడంత అచ్చే లేదు, ఉత్త తెలుపు. కండక్టర్ "దొంగనోటు! దిగు" అని బస్సు ఆపిచ్చిండు.

ఆమె లేవలేదు.

"పదేండ్ల సంది అచ్చాఫీసుల పెండ్లిపత్రికలు మడుస్తున్న. ముడతపడ్డ కాయిదం మిషన్ల పోతే ముడత లోపల రంగంటదు. గిది గంతే" అనుకుంట, ఆ తెలుపును లోపలికి మడిచింది. విడిపోయిన బొమ్మ ఒక్కటైంది. "తప్పు అచ్చేసినోనిది. నేనెందుకు దిగాలె?"

నాకు ఆలస్యమైతున్నది. "అక్కా, నా నోటిస్త" అన్న.

"నీదెందుకు తమ్మీ? నాది మంచిదే."

కండక్టర్ గొణుక్కుంట టికెట్ కొట్టి, చిల్లర ఇచ్చిండు. ఆమె ఒక్కొక్క రూపాయి నోటును కిటికీ వెలుగుకు పట్టి చూసి, ఒకటి వాపసిచ్చింది.

"గిది చినిగింది. మార్చు."

కండక్టర్ సంచిల వెతికి మంచి నోటు తీసిచ్చిండు.