ధోండిరామ్ చేతుల మీద చిలక

మీ తాత గురించి అడుగుతారు, పాత ఇంటి గురించి అడుగుతారు, ఆఖరికి ఎప్పుడో చచ్చిన గేదె గురించి కూడా అడుగుతారు. రఖ్మా గురించి మాత్రం ఒక్కరూ అడగరు. రాత్రిపూట కప్పుకుంటున్న బొంతలు ఎవరు కుట్టారనుకుంటున్నారు? అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. మధ్యలో లేవకండి. మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

రఖ్మా నాకు తోడికోడలు. మిరజ్‌లో మన ఇంటికి కోడలిగా వచ్చినప్పుడే తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చింది. వాడు ధోండిరామ్. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. అమ్మానాన్నా లేరు, ఏ బడీ చేర్చుకోలేదు. అక్కాతమ్ముళ్లే కలిసి చేతులతో ఒక భాష అల్లుకున్నారు. ముక్కుకి నత్తు పెట్టుకున్నట్టు చేస్తే అమ్మ. అరచేతుల మధ్య రొట్టె తట్టినట్టు చేస్తే ఆకలి. అలాంటివి ఎన్నో. ఆ భాష లోకంలో వాళ్లిద్దరికే వచ్చు. పక్కనే ఉన్నా నాకు ఆకలి, నిద్ర, కోపం దాటి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

వాడు పెద్దవాడై సూరత్‌లో వజ్రాలు సానబట్టే పనికి వెళ్లాడు. ఫోన్ పనికిరాదు, ఉత్తరం రాయలేడు. ఒక ఏడు దీపావళికి వచ్చినప్పుడు ఎవరో వాడుకుని వదిలేసిన పాత కంప్యూటర్ తెచ్చి, దాని నెత్తిన కెమెరా తగిలించి, ఎక్కడ నొక్కాలో అక్కకి నేర్పి వెళ్లాడు. రఖ్మాకి మొగుడు పోయాడు, పిల్లలు లేరు. వారమంతా బొంతలు కుట్టుకుంటూ, ఆదివారం మధ్యాహ్నం తెర ముందు కూర్చునేది. అక్కడ వాడు ఇంటర్నెట్ దుకాణంలో కూర్చునేవాడు. గదిలో చప్పుడుండదు, నాలుగు చేతులు మాట్లాడుకుంటూ ఉంటాయి.

టెలిఫోన్ లైను మీద వచ్చే ఇంటర్నెట్‌తోనే బాగా నడిచింది. తర్వాత మన వీధి కేబుల్ దుకాణం వాళ్లు తక్కువ డబ్బుకి ఇంటర్నెట్ కూడా ఇస్తామన్నారు. ఆ దుకాణంలో పనిచేసే నందూ మానే అనే కుర్రాడు వచ్చి కొత్త వైరు లాగి, కంప్యూటర్లో ఒక సీడీ పెట్టాడు.

"ఇదెందుకురా?" అంది రఖ్మా.

"ఇది ఎక్కిస్తేనే లైను వస్తుంది కాకూ. పేరు, పాస్‌వర్డ్ ఇదే అడుగుతుంది" అన్నాడు. వీధి కుర్రాళ్లందరికీ రఖ్మా కాకూయే, పిన్ని అన్నట్టు.

ఆ రోజు నుంచి పట్టింది దరిద్రం. కంప్యూటర్ వెలిగించగానే తెర కింది వైపు ఒక ఆకుపచ్చ చిలక బొమ్మ వచ్చి కూర్చునేది. సినిమా కబుర్లు చూడండి అంటుంది, పెళ్లి సంబంధాలు చూడండి అంటుంది. మూసేస్తే కాసేపటికి మళ్లీ వస్తుంది. పక్కకి లాగితే తిరిగి అక్కడికే వస్తుంది. ఆ అక్కడ ఎక్కడనుకున్నారు? సరిగ్గా ధోండిరామ్ చేతులు కనిపించే చోట. మొహం కనిపిస్తుంది, చేతులు కనిపించవు. వాడికి మొహంతో పనేముంది?

అసలే ఆ ఏడు సూరత్‌లో వజ్రాల పని పడిపోయిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. వాడు వారం వారం చిక్కిపోతున్నాడు. ఏదో చెబుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. చెప్పేదంతా చిలక కిందే ఉండిపోతోంది. రఖ్మా మూయడం, అది రావడం. ఆదివారం సాయంత్రానికి ఆవిడ మొహం పిండిన గుడ్డలా ఉండేది.

నందూ దుకాణానికి ఎన్నిసార్లు తిరిగిందో. వెళ్లినప్పుడల్లా ఒకటే మాట.

"అది లైన్లోంచి వస్తుంది కాకూ, నా చేతిలో ఏం లేదు. మీ కంప్యూటర్ కూడా ముసలిది. కొత్తది కొనుక్కోండి."

"ముసలిదాన్ని నేను. నన్ను కూడా మార్చేస్తావా?" అనేది రఖ్మా. అని, నీరసంగా ఇంటికొచ్చేది.

దసరా ముందు రోజు పనిముట్లకి పూజ చేసుకుంటాం కదా. రఖ్మా కత్తెర, సూదులు, కుట్టుమిషను పెట్టింది. కంప్యూటర్‌కి కూడా బంతిపూల దండ వేసింది.

"నందూ లాగిన ఆ ఇంటర్నెట్ వైరు కూడా పీకి పళ్లెంలో పెట్టవే. అదొక్కటీ ఎందుకు పని చెయ్యాలి, దానికీ సెలవే" అన్నాను. పీకి, కుంకుమ పెట్టి, పళ్లెంలో చుట్టి పెట్టింది. ఆ రోజు ఏ పనిముట్టూ ముట్టుకోలేదు.

దసరా పొద్దున ప్రతిదాన్నీ ఒకసారి ఆడించి పని మొదలుపెట్టాలి. రెండు కుట్లు వేసింది. కత్తెరతో గుడ్డ కోసింది. కంప్యూటర్ వెలిగించింది. చిలక వచ్చి కూర్చుంది.

"అక్కా, ఒకసారి ఇలా రా" అని రఖ్మా నన్ను పిలిచింది. వెళ్లాను. "వైరు ఎక్కడుంది?"

"పళ్లెంలో. నీ ఎదురుగానే."

"మరి ఇది ఏ లైన్లోంచి వచ్చింది?"

నేను పళ్లెం చూశాను, తెర చూశాను. చిలక బయటి నుంచి రావడం లేదు. సీడీతో వచ్చి ఇంట్లోనే కాపురం పెట్టింది.

నందూని పిలిపించి, పళ్లెం చూపించింది. వాడు తల గోక్కున్నాడు.

"ప్రతి ఇంట్లో ఇది ఉండాలని పైనుంచి చెబుతారు కాకూ. తీసేస్తే లైను పోతుందని చెప్పమంటారు."

"పోతుందా?"

"పోతుంది. కానీ..."

"కానీ అనేవాడివి అయితే కూర్చో. టీ పెడతాను."

కూర్చున్నాడు. చిలకని తీసేశాడు. కంప్యూటర్ ఆపి వెలిగిస్తే మళ్లీ వచ్చింది. దాన్ని లేపడానికి లోపల ఇంకొకటి దాక్కుందట. ముందు దాన్ని తీసి, తర్వాత చిలకని తీశాడు. వైరు పెడితే లైను లేదు. రఖ్మా చెంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు వాడు ఆ సీడీతో పని లేకుండా, కంప్యూటర్లో మొదటి నుంచీ ఉన్నదాంట్లోనే ఏదో కొత్త కనెక్షన్ చేసి, అదే పేరు, అదే పాస్‌వర్డ్ కొట్టాడు. లైను వచ్చింది.

"ఎవరికీ చెప్పకండి కాకూ" అన్నాడు వెళ్తూ.

"వీధిలో అందరికీ చెబుతాను" అన్నాను నేను. చెప్పాను కూడా.

ఆదివారం ధోండిరామ్ రెండు చేతులూ తెర మీద కనిపించాయి. చాలాసేపు ఆడాయి. రఖ్మా నాకు ఒక్క ముక్కలో చెప్పింది: "పని పోయి మూడు నెలలైందట. గుళ్లో పెట్టింది తిని బతుకుతున్నాడు. రావడానికి సిగ్గట." మళ్లీ తెర వైపు తిరిగి వాడికి ఏదో సైగ చేసింది. ఇదొక్కటి నాకూ అర్థమైంది. కోపం. దాని వెనకే రొట్టె తట్టినట్టు, ఇంటికొచ్చి తినమని.

దీపావళి వెళ్లాక అక్కలు తమ్ముళ్లకి పట్టే భావుబీజ్ హారతికి వాడు ఇంట్లో ఉన్నాడు. తర్వాత ఇక వెళ్లలేదు. అక్క కత్తిరిస్తే వాడు కుట్టేవాడు. కంప్యూటర్‌తో పని లేకపోయింది. రఖ్మా దాన్ని నందూకే ఇచ్చేసింది.

రఖ్మా ఓ వానాకాలం జ్వరంతో పోయింది. పాడె దగ్గర ధోండిరామ్ నిలబడి చేతులతో చాలాసేపు మాట్లాడాడు. అందరం చూస్తూ నిలబడ్డాం. ఏం చెప్పాడో తెలియదు.

పోయేనాటికి ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు.