చివరి మడికి ముందు నీళ్లు

గుడ్‌ల్యాండ్స్‌లో మన తెలుగు ఆడపడుచులందరూ కులాసాయేనా? పెద్దామె మోకాలి నొప్పి ఎలా ఉంది? ప్లేన్ మాన్యెన్‌లో భజన నడిపే పెద్దాయనకు దగ్గు తగ్గిందా? పొద్దుటి మంచులో తిరగవద్దని ఆయనకు ఎవరైనా చెప్తున్నారా? పురిటికి వచ్చిన పిల్ల, పసిబిడ్డ బాగున్నారా? ఈ మధ్య ఎవరి నుంచీ కబురు లేదు. కబురు రాకపోతే నా మనసు మంచివైపు పోదని మీకు తెలుసు. ఇక్కడ షెమాన్ గ్రెనియేలో మేమంతా ఉన్నాం. మా పెద్ద బావగారు మాత్రం లేరు. దసరా వెళ్లిన కొద్ది రోజులకే జ్వరం వచ్చింది, ఆ జ్వరంలోనే పోయారు.

మీ ఊళ్ల భజనల దగ్గర చదివి వినిపిస్తారని ఇది రాస్తున్నాను. బావగారు అంటే మా ఆయనకు అన్నగారు. చెరకు మిల్లులో ఇనప గొట్టాలు బిగించే పని చేసేవారు. ఈ దీవి మాటలో గొట్టాన్ని తియో అంటారు, కుళాయిని రొబినే అంటారు. మా కాంపులో కూలీల ఇళ్ల వెనక మా ఆడవాళ్ల కూరమడులున్నాయి కదా, వాటికి నీళ్లు తెచ్చింది ఆయనే. అంతకుముందు కాలువ దాకా పోయి బిందెలతో మోసుకొచ్చేవాళ్లం. ఎండాకాలం వస్తే వంకాయ మొక్క బతికేది కాదు.

మిల్లులో మూలపడేసిన పాత గొట్టాలను మానేజరు దొరని అడిగి తెచ్చారు. దొర ఒక మాట మీద ఇచ్చాడు. నీళ్లు సరిగా పారినంతకాలం అవి మీవి, పారకపోతే నా గుర్రాలశాలకి వేయించుకుంటాను అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సుఖం లేదు. బావగారు మాత్రం, "పారకపోడానికేటుందమ్మా, నీళ్లకి కిందకి పోడవే కదా పని" అన్నారు.

కాలువ నీళ్లు ముందు ఒక రాతి తొట్టిలోకి వస్తాయి. అందులో నోరు మూసి అతికించిన నూనె డబ్బా ఒకటి తేలుతుంది. తొట్టి నిండితే డబ్బా పైకి లేస్తుంది, దానికి బిగించిన కడ్డీ కాలువ నోరు మూస్తుంది. నీళ్లు తగ్గితే డబ్బా దిగుతుంది, నోరు తెరుచుకుంటుంది. అది నేను చాన్నాళ్లు నమ్మలేదు. డబ్బా చిల్లుపడి మునిగిపోతేనో, కడ్డీ ఇరుక్కుని తొట్టి పొర్లితేనో అని రోజూ వెళ్లి చూసేదాన్ని.

"మళ్లీ ఒచ్చేవేటమ్మా? నిన్ను సూస్తే ఆ డబ్బాకే బెంగట్టుకుంటాది" అనేవారు.

తమ్ముడి భార్యని కాబట్టి నా ఎదట పడేముందు ఆయన గొంతు సవరించుకునేవారు. గుమ్మం దగ్గర ఆ చిన్న దగ్గు వినగానే నేను కొంగు సర్దుకునేదాన్ని. ఇన్నేళ్లు ఒకే కాంపులో ఉన్నా, ఇద్దరమూ ముసలివాళ్లమైనా, ఆ దగ్గు లేకుండా ఆయన మా ఇంట అడుగు పెట్టలేదు.

నీళ్లు తొలిసారి వదిలిన రోజు మేమంతా పసుపు, కుంకుమ, బంతిపూల దండలు తెచ్చి గంగమ్మకు పెట్టినట్టు తొట్టిలో వేశాం. ఆయన రొబినేల దగ్గర ఉన్నారు, చూడలేదు. కాసేపటికి నీళ్లు సన్నబడి ఆగిపోయాయి. ఆయన గొట్టం విప్పి, మలుపులోంచి దండ దారం లాగారు. అది వస్తూనే ఉంది. మేం తలలు దించుకున్నాం. ఆయన కోప్పడలేదు. "పువ్వు కుళ్లిపోతాది, దారం కుళ్లదమ్మా" అన్నారు. మర్నాడు గొట్టం నోటికి తీగల జల్లెడ బిగించి, తొట్టి పక్కన ఒక రాయి నిలబెట్టారు. గంగమ్మ ఈ రాతి మీద కూకుంటాది, పువ్వులు ఇక్కడెట్టండి అన్నారు. అప్పటినుంచి మా దండం ఆ రాతికే.

నీళ్లు వదిలే పద్ధతి కూడా ఆయనదే. ముందు చివరి మడి రొబినే తిప్పాలి. అది గాలంతా కక్కి, నీళ్లు నిండుగా వచ్చాకే దాని ముందరిది తిప్పాలి. తొట్టి దగ్గర మడివాళ్లకు ఇది నచ్చలేదు. మా పక్కింటావిడ మడి మొదట్లోనే ఉంది. "నా మడి ముందు నించి పోయే నీళ్లకి నేను ఆకర్ని కాసుకోవాలా" అని దెప్పింది. "నీకు రాకుండా ఎక్కడికి పోతాయి తల్లీ. ఆ సివరామెకి రాకపోతే ఎవులికి తెలుస్తాది?" అన్నారు బావగారు. ఆ చివరి మడి ఎవరిదో ఆమెకూ తెలుసు. అది మా అక్కది, ఆయన భార్యది. నీళ్లు చేరతాయో లేదో తెలియని చోటు ఆయన తన ఇంటికే ఉంచుకున్నారు.

నా దిగులు చూడలేక ఒకరోజు నా చేతికి ఒక కర్ర ఇచ్చారు. ఒక కొస గొట్టానికి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకోమన్నారు. గొట్టం కారుతుంటే బుస వినబడుతుంది, బాగుంటే సన్నగా పారే చప్పుడు, మూసుకుపోతే ఏమీ వినబడదు. నాకు దబదబమని వినబడింది. అయిపోయింది, గొట్టం పగిలిపోతోంది అన్నాను. "ఊపిరి బిగబట్టకమ్మా. అది నీ గుండె" అన్నారు. పక్కింటావిడ ఆ మాట కాంపంతా చెప్పుకుని నవ్వింది. ఆయన మాత్రం ప్రతి వారం నా చేతే వినిపించేవారు. "భయపడీవోళ్ల సెవికి సిన్న సప్పుడూ అందుతాది. ధైర్యవంతుల్ని పెడితే అంతా బాగుందంటారు" అనేవారు. నా దిగులుకి ఒక పని చెప్పిన మనిషి ఆయనొక్కరే.

ఆయన పదో రోజు కర్మ తొట్టి దగ్గరే చేశాం. అంతా శుద్ధిగా ఉండాలని మా ఆడవాళ్లు తొట్టి కడిగారు, జల్లెడ విప్పి తోమి ఎండలో పెట్టారు. పువ్వులు రాతి మీదే పెట్టారు. కానీ ఆ రోజు గాలి ఎక్కువ. మూడోనాటికి అక్క మడిలో నీళ్లు ఆగిపోయాయి. అక్క గది దాటి వచ్చే రోజులు కావు. మడి ఎండిపోతోందని ఆమెకు చెప్పలేదు.

కూలీల చేత పని చేయించే సర్దారు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "తియోలు సూసే మనిషి పోయాడని దొరకి తెలిసింది. సోమారం ఒచ్చి సూస్తాడట. సివరి మడికి నీళ్లు లేకపోతే పీకించేస్తాడు. నానేటి సెయ్యను వదినా" అన్నాడు.

ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదని చెప్పనక్కర్లేదు. తెల్లారగానే కర్ర తీసుకుని వెళ్లాను. వెనక పక్కింటావిడ వచ్చింది. బావగారు చెప్పినట్టే చివరి రొబినే నుంచి వెనక్కి నడిచాం. అక్క మడి దగ్గర చుక్క లేదు. దాని ముందు రొబినే కూడా పొడి. ఇంకా వెనక్కి వస్తే, మలుపుకి ఇవతల రొబినే నిండుగా పారింది.

కర్ర ఆనించాను. ఊపిరి బిగబట్టలేదు. ఇవతల పారే చప్పుడు ఉంది, మలుపు దాటితే ఏమీ లేదు.

"నీ గుండె కాదు కదా?" అంది పక్కింటావిడ.

"కాదు. నా గుండె నాకు తెలుసు" అన్నాను.

ఆమె చేతుల్లో బలం ఉంది. తొట్టి నోరు మూసి, మలుపు దగ్గర బిగింపు విప్పింది. నేను వేలు పెట్టి లాగాను. బంతిపూల దారం వచ్చింది. ఇద్దరం దాన్ని చూస్తూ నేల మీద కూర్చున్నాం. కాసేపు ఏడ్చాం, నవ్వాం కూడా. లేచి జల్లెడ దాని చోట బిగించాం. పక్కింటావిడ తన మడి రొబినే తనే మూసేసి, చివరి మడి రొబినే తిప్పడానికి నడిచింది.

సోమవారం దొర గుర్రం మీద వచ్చాడు. చివరి మడి తడిసి ఉంది. ఎవరు చూస్తున్నారని అడిగాడు. సర్దారు మా ఇద్దరినీ చూపించాడు. దొర మా వంక, కర్ర వంక చూసి, గుర్రం తిప్పుకుపోయాడు. గొట్టాలు ఉన్నాయి, ఉంటాయి. ఈ మాట రాయడానికి నాకేమీ భయం లేదు.

మీరంతా రావాలి. అప్పటికి అక్క మడిలో వంకాయలు అందుతాయి. వచ్చినవాళ్లు తొట్టి దగ్గర కాకుండా చివరి మడి దగ్గర నిలబడండి, రొబినే అక్కడే ముందు తిప్పుతాను. నీళ్లు వెంటనే రావు, కంగారు పడకండి. ముందు గాలి వస్తుంది. రొబినే ఒకసారి చిన్నగా దగ్గుతుంది, గుమ్మం దగ్గర గొంతు సవరించుకున్నట్టు. అది వినబడితే నా చెయ్యి ఇప్పటికీ కొంగు మీదికి పోతుంది. ఆ తరవాత నీళ్లు వస్తాయి. కార్తీక పౌర్ణమి నాడు, పొద్దున్నే రండి.