శ్రద్ధ లేదని రాసిన కాగితం

తొగుటలో నేను పనిచేసే ఆఫీసులో సీలు పడ్డప్పుడల్లా ఆ సిరా వాసనకు సుగుణ మేడం గుర్తొస్తారు. గత నెల ఆమె చనిపోయారు. సిద్దిపేటలో మా బడికి వారానికి రెండు రోజులు వచ్చే ప్రత్యేక ఉపాధ్యాయిని ఆమె. వెనకబడిన పిల్లల పక్కన కూర్చుని, ఎక్కడ ఆగిపోతున్నారో చూసేవారు. నాకు అక్షరాలు తెలుసు. వరుసలో ఉంటే మాత్రం చూస్తుండగానే కలిసిపోయేవి. ఒక పేరా చదవడానికి తోటివాళ్ల కన్నా ఎన్నో రెట్లు సమయం పట్టేది.

పదో తరగతి పరీక్షల్లో నాకు అదనంగా ఒక గంట ఇప్పించమని మేడం దరఖాస్తు పెట్టారు. ఫెయిలైతే నేనూ అవ్వతో పాటు బీడీలు చుట్టాల్సిందే. హెడ్మాస్టరు ఆ కాగితాన్ని చదవకుండానే పక్కన పెట్టారు.

"గీ పిల్ల నోరు చూడుండ్రి మేడం, రేడియో లెక్క మోగుతది. ఈమెకేం తక్కువ?"

"గదే రాసియ్యుండ్రి సార్."

"లేదని చెప్పిన గద. మల్ల రాసుడేంది?"

"నోటి మాట మీద పైకి అప్పీలు చెయ్యరాదు సార్."

ఆయన రాయలేదు. మేడం ఆయన గది బయట బెంచీ మీద కూర్చున్నారు. మరుసటి వారమూ కూర్చున్నారు. అక్కడే టిఫిన్ డబ్బా తెరిచి నాకు సగం పెట్టారు. చివరికి ఆయన విసుగుతో రెండు వరుసలు రాసి సీలు గుద్దారు: 'విద్యార్థినికి లేనిది శ్రద్ధ మాత్రమే. అదనపు సమయం అవసరం లేదు.'

నాకు ఏడుపొచ్చింది. మేడం ఆ కాగితాన్ని మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నారు.

"ఏడ్వకు బిడ్డా. వాళ్ల మాట గిప్పుడు మన చేతిల ఉన్నది."

అప్పీలు పెట్టడానికి వెళ్లిన రోజు మేడం జిల్లా విద్యాశాఖ ఆఫీసు మెట్ల మీద ఆగి, "లోపల గీ కాయితం నువ్వే చదువుతవా? అందరు చూస్తరు. వద్దంటే చెప్పు, ఇంకో తొవ్వ చూద్దాం" అన్నారు. చదువుతానన్నాను.

అధికారి ముందు నిలబడి, వరుస కింద వేలు పెట్టుకుని చదివాను. 'విద్యార్థిని' దగ్గర మూడుసార్లు ఆగాను. 'శ్రద్ధ' దగ్గర చెమట పట్టింది. ఎవరూ మాట అందించలేదు, మేడం కూడా. ఆ రెండు వరుసలు ముగిసేసరికి ఆయన చాయ్ మీద మీగడ కట్టింది.

"శ్రద్ధ లేని పిల్ల గింతసేపు నిలవడి చదువుతదా?" అని, ఆయన గంట మంజూరు చేస్తూ సంతకం పెట్టారు.

బయటికొచ్చాక మేడం నవ్వలేదు. "నిన్ను గట్ల నిలవెట్టిన. ఏమనుకోకు బిడ్డా" అన్నారు. నేను ఏమీ అనుకోలేదని చెప్పడానికి ఇన్నేళ్లున్నా చెప్పలేదు.

పరీక్ష పాసయ్యాను. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. అలాగే చాలా పుస్తకాలు చదివాను. మా ఆఫీసులో 'కాదు' అనిపించుకుని ఎవరైనా తలొంచుకుని వెళ్తుంటే వెనక్కి పిలుస్తాను. ఆ 'కాదు'ను కాగితం మీద రాయించి, ఎవరికి అప్పీలు చేసుకోవాలో కింద రాసి, సీలు వేసి చేతికిస్తాను.