బావ జాలిపడిన మూల

ఊరంతా ఆమెను 'అరబస్తా' అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది పక్క చేను రైతు, ఆమె అక్క మొగుడే. ఆమె గోధుమకు ఎకరానికి బస్తా యూరియాను అరబస్తాకు తగ్గించి, వేర్లు బలపడడానికి సముద్రపు నాచుతో చేసిన ద్రావణం కొట్టడం మొదలుపెట్టిన ఏడాది అది.

"నాచు నీళ్లు తాగి ఏ పంటన్నా పండుతుందా, మరదలా?" అని బావ గట్టు మీద నిలబడి రోజూ దెప్పేవాడు.

అతని చేను ముదురాకుపచ్చగా, ఏపుగా ఉండేది. ఆమెది కాస్త లేతగా, పొట్టిగా ఉండేది. అయినా ఆమె ఎవరి మాటా చెవిన పెట్టలేదు. ద్రావణం కొట్టిన తారీఖులు పంపు గది తలుపు మీద సుద్దతో రాసుకుంటూ తన పని తాను చేసుకుపోయింది.

గింజ పాలు పోసుకునే వేళ గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే బావ చేను చాప పరిచినట్టు పడి ఉంది. ఆమె చేను మాత్రం నిటారుగా నిలబడింది, గట్టు పక్కనున్న ఒక్క మూల తప్ప. ఆ మూల పైరు కూడా అచ్చం బావ చేనిలాగే ముదురాకుపచ్చగా ఉంది. ఆమెకు విషయం అర్థమైంది.

"బావా, ఇక్కడేం చల్లావు?"

బావ తల గోక్కున్నాడు. "నీ పైరు చూస్తే జాలేసింది. నెల కిందట ఓ తట్టెడు యూరియా చల్లాను. నీ మేలు కోరే."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "యూరియా ఎక్కువైతే కాడ ఏపుగా పెరిగి మెత్తబడుతుంది, గాలికి నిలవదు బావా." బావ పడిపోయిన తన చేను వంక చూసుకుని గొంతు తగ్గించాడు.

"వచ్చే ఏడు ఆ నాచు నీళ్లు ఎలా కొట్టాలో నాక్కూడా చెబుదువుగానీ."

"తప్పకుండా చెబుతాను బావా. కోతలయ్యేదాకా నువ్వు నా మిగతా చేను మీద జాలిపడకుండా ఉంటే చాలు."